ఒక నంబరుకు ఒకే ఊపిరి

"నాలుగు వందల పన్నెండు చనిపోయాడు," అన్నాడు బెస్టర్ కాగితం మీంచి తలెత్తకుండా.

బల్ల ముందు నిలబడ్డ దిసెబో చేతిలో ఇత్తడి బిళ్ళ ఉంది. బిళ్ళ మీద ఉన్నది ఆ నంబరే. ముందురోజు బూడిదపెట్టి తోమింది గనక అంకెలు బాగా కనిపిస్తున్నాయి. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పొద్దున ఐదింటికి వచ్చి వరుసలో నిలబడింది.

"చచ్చింది మా నాయన, సారూ. నేను బతికే ఉన్న. నీ ఎదురుంగనే నిలబడ్డ."

"నంబరు మీ నాన్నది కదా. డెబ్బై తొమ్మిదిలో పోయాడు. ఊపిరితిత్తులు జొహనెస్‌బర్గ్ చేరాయి. పరీక్ష అయింది. ఫైలు మూసేశారు. ఒక నంబరుకు ఒక జత ఊపిరితిత్తులేనమ్మా. ఆ జత చూసేశాం."

"ఆ నంబరు కింద మేం ఆరుగురం పనిచేసినం."

"పుస్తకంలో ఒక్కరే ఉన్నారు."

లెజ్వెంగ్ ఊరి ఫుట్‌బాల్ మైదానంలో, రెండు గోలు కర్రల మధ్య ఆగి ఉంది ఆ తెల్ల లారీ. రెండు బస్సులంత పొడుగు. లోపల పడుకోబెట్టి ఛాతీని పొరలు పొరలుగా ఫొటో తీసే మిషను ఉంది. లారీ పక్కన నిలువెత్తు అక్షరాలతో "దగ్గు రాకముందే రండి" అని అక్కడి భాష సెత్స్వానాలో రాయించారు. రాయించింది నీలిరాయి కంపెనీ పెట్టిన ట్రస్టు. కోర్టు మెడ మీద కూర్చుని పెట్టించిన ట్రస్టు అది; బెస్టర్ దాని ఉద్యోగి. రాతినార, అంటే ఆస్బెస్టాస్, తీసే గని మూసి ముప్ఫై ఏళ్ళయింది. దుమ్ము ఛాతీల్లో చేరి, ముప్ఫై నలభై ఏళ్ళు ఊరుకుని, ఒకరోజు పుండై లేస్తుంది. ముందే చూస్తే కోసి తీసెయ్యొచ్చు. దగ్గితే నెత్తురు పడే రోజొస్తే ఇక శవపేటిక చెప్పుకోవాల్సిందే. ఈ మాట ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

"మా ఆయనది రెండొందల ఏడు," అంది దిసెబో వెనక నిలబడ్డ మ్మపులె అవ్వ. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని నడుస్తుంది, నాలుకకు మాత్రం కర్ర అక్కర్లేదు. "ఆయన తిత్తులు గూడ పెట్టెల పెట్టి రైలెక్కించిండ్రు. మరి పోతూ పోతూ నా ఛాతి గూడ పట్కపోయిండా, నాయనా? ఇగో, ఈడ్నే ఉంది చూడు." అంటూ రొమ్ము మీద అరచేత్తో నాలుగు దెబ్బలు వేసుకుంది. వరుస వరుసంతా నవ్వింది.

బెస్టర్ కూడా కొంచెం నవ్వాడు. తనను చెడ్డవాడనుకుంటారేమోనని అతనికి బెంగ. "నేను చట్టం చెప్తున్నానమ్మా. కంపెనీదో సర్కారుదో, సీలున్న కాగితం ఒక్కటి తెండి. మీ పేరు, మీరు రాయి కొట్టారన్న మాట, రెండూ అందులో ఉండాలి. నేనే దగ్గరుండి లోపలికి పంపిస్తా."

సాయంత్రానికి నంబర్లున్న ఇరవై ముగ్గురు మగవాళ్ళు లోపలికి వెళ్ళొచ్చారు. దాదాపు రెండు వందల మంది ఆడవాళ్ళు ఇళ్ళకు తిరిగిపోయారు.

ఆ గనిలో పని ఎలా సాగిందో బెస్టర్‌కు తెలియక కాదు. మగవాళ్ళు కొండ తవ్వేవాళ్ళు. తవ్విన రాయి గుట్టగా పోస్తే, దాని చుట్టూ ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని, బల్లపరుపు రాతి మీద పెట్టి సుత్తెతో కొట్టి, నీలం నార విడదీసేవాళ్ళు. వీపున పిల్ల ఉండేది. ఒళ్ళో నార ఉండేది. ఆరేళ్ళొచ్చిన పిల్లకు చిన్న సుత్తె ఇచ్చేవాళ్ళు. అంతకంటే చిన్నవాళ్ళను గోనెసంచుల్లో దింపి నార తొక్కించేవాళ్ళు, సంచిలో ఇంకొంచెం పట్టాలని. శనివారం తూకం దగ్గర సంచులన్నీ ఇంటి మగవాడి నంబరు మీద ఎక్కేవి. ఆడది మొగుడికి సాయం చేస్తోంది, అంతే. సాయానికి నంబరెందుకు? పనికి ఇంటిల్లిపాది చేతులూ కావాలి, పుస్తకానికి ఒక్క పేరు చాలు.

దిసెబో ఆరేళ్ళకు సుత్తె పట్టింది. పద్దెనిమిదేళ్ళకు వదిలింది. తండ్రి చచ్చిపోయిన రోజు పట్నం నుంచి కాగితాలు పట్టుకుని మనిషి వచ్చాడు. గని పనివాడి గుండె, ఊపిరితిత్తులు తీసి జొహనెస్‌బర్గ్ పంపాలి, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి అన్నాడు. శవాన్ని కోస్తే పెద్దలు ఊరుకోరని బాబాయిలు తగువుకు దిగారు. తల్లి మాత్రం, "ఏ రోగమో తెలిస్తే నా పిల్లలకు పనికొస్తది," అని వేలిముద్ర వేసింది. పిల్లల కోసం వేసిన ఆ ముద్రే ముప్ఫై ఏళ్ళ తర్వాత పిల్లల మొహాన తలుపు మూసింది. ఆ సంగతి తెలియకుండా తల్లి పోయింది. తర్వాత తమ్ముడు పోయాడు. పోయిన ఏడు అక్క బొనొలో పోయింది. ఫిబ్రవరిలో మొదటిసారి దగ్గింది, ఈస్టరుకు పూడ్చారు. ఆరు నెలల ముందు తీసుకొస్తే ఏమన్నా చేసేవాణ్ణి అన్నాడు డాక్టరు. ఆరు నెలల ముందు ఆమె నీళ్ళ బిందెలు మోస్తూ, పెళ్ళిళ్ళలో ఆడుతూ ఉంది. ఏమని తీసుకుపోతారు?

నాలుగు వందల పన్నెండులో ఇప్పుడు మిగిలింది ఇద్దరే. దిసెబో, చెల్లెలు ఒనెయిలె.

దిసెబో ఇల్లు చేరేసరికి ఒనెయిలె పొయ్యి మీద జొన్నసంకటి కెలుకుతోంది.

"చూసిండ్రా?"

"లేదు. నాయనను చూసిండ్రట. గంతే చాలట."

"మంచిగైంది. పోకని నేను ముందే చెప్పిన."

"నేను నాకోసం పోయిన్నా? లైన్ల నీకు జాగ పెట్టనీకి పోయిన."

"నాకేమైంది? దగ్గు లేదు, ఆయాసం లేదు. మొన్న గుట్ట మీదికెల్లి కట్టెలమోపు నేనే దెచ్చిన."

"బొనొలో అక్క గూడ తెచ్చింది. జనవరి దాక తెచ్చింది."

ఒనెయిలె తెడ్డు ఆపింది. తర్వాత మెల్లగా అంది, "వెతికితే దొరుకుతదక్కా. వెతకకుంటే ఉండదు."

"వెతకకున్నా ఉంటది. మనకు తెల్వది, గంతే."

"తెల్సి ఏం జేస్త? ఎటు పోత?"

ఒనెయిలె తెడ్డుతో గోడ చూపించింది. గని పారబోసిన మట్టితో పోసిన ఇటుకలవి. పూత రాలినచోట నీలం నూగు పత్తిలా బయటికొస్తుంది. బడి ముందరి మైదానం అదే మట్టి. రోడ్డు అదే. గాలి వస్తే ఆరేసిన బట్టల మీద అదే. అమ్ముకుని పోదామంటే ఈ ఇల్లు కొనేవాడు లేడు. ఊరంతా ఇలాగే కూర్చుని ఉంది, ఎవరింట్లో ముందు దగ్గు వినిపిస్తుందా అని చెవులు రిక్కించుకుని. దిసెబోకు చెల్లెలి మీద కోపం రాలేదు. భయం వేసింది. ఒనెయిలెకు యాభై రెండేళ్ళు. నాలుగేళ్ళ వయసులో ఆమెను చంకల్లో పట్టుకుని గోనెసంచిలో దింపింది దిసెబోనే.

మర్నాడు మధ్యాహ్నం చావుసంఘం రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. లెజ్వెంగ్‌లో ప్రతి శనివారం ఒక చావన్నా ఉంటుంది. అందుకని ఊళ్ళో పార్టీలు విడిపోయినా, చర్చిలు విడిపోయినా, ఈ సంఘం మాత్రం చెక్కుచెదరలేదు. పెద్ద గంగాళాలు, కుర్చీలు, ఎవరు వండాలి, ఎవరు నీళ్ళు మోయాలి, ఎవరు పాట ఎత్తుకోవాలి, అన్నిటికీ వరుస ఉంది. మనిషి పోయిన గంటలో ఊరు కదులుతుంది. ఆరోజు పోయినవాళ్ళెవరూ లేకుండానే షెడ్డు నిండింది.

లారీలో మిషను నడిపే పిల్ల ఖొమొత్సొ కూడా అన్నం వేళ తప్పించుకుని వచ్చింది. పట్నం పిల్లే గానీ తల్లిది ఈ ప్రాంతమే.

ముందు ఫెటో లేచాడు. నిన్న పరీక్ష చేయించుకున్న ఇరవై ముగ్గురిలో ఒకడు. "మీరు లొల్లి జేస్తే లారీ ఎల్లిపోతది. మాకు రెండో పరీక్ష ఉంది. నోటికాడి కూడు పడగొట్టకుండ్రి. సర్కారుకు అర్జీ పెట్టుకుందాం."

అతని భార్యే అందుకుంది. "నువ్వు కొండ లోపల ఉన్నప్పుడు నీ నంబరు మీద సంచులు నింపిందెవలు? నీ నీడనా?"

"నేను లేదన్ననా?"

"పుస్తకం లేదంటుంది. నువ్వు పుస్తకం పక్కన కూసున్నవ్."

ఫెటో కూర్చున్నాడు. ఒకామె వెనక నుంచి అడిగింది, "పోనీ, దగ్గెటోళ్ళనన్న ముందు పంపిస్తే? మాలాంటి మంచిగున్నోళ్ళం తర్వాత చూసుకుంటం."

ఖొమొత్సొ తల అడ్డంగా ఊపింది. "అక్కడే మనం మోసపోతున్నాం పిన్నీ. దగ్గేవాళ్ళకు ఆ మిషను చెప్పేది వాళ్ళకు తెలిసిందే. అది దగ్గనివాళ్ళ కోసం. మంచిగున్నాం అనుకునేవాళ్ళ కోసం. గింజంత ఉన్నప్పుడు పట్టుకుంటే బతుకుతారు. నిన్న నేను ఇరవై ముగ్గురిని చూశాను. రోజుకు అరవై మందిని చూడొచ్చు. మిగతా పొద్దంతా ఖాళీ మంచం ముందు కూర్చున్నాను."

ఆ ఖాళీ మంచం మాట షెడ్డులో అందరికీ తగిలింది. అప్పుడు లేచింది దిసెబో. ఆమె మీటింగుల్లో మాట్లాడే మనిషి కాదు, గంగాళం దగ్గర ఉండే మనిషి.

"ఈ సంఘంల నలభై ఏండ్ల సంది ఉన్న. శవానికి నీళ్ళు పోసుడొచ్చు, గంజి గాసుడొచ్చు, పాట ఎత్తుకునుడొచ్చు. చచ్చినంక మనల్ని కోసి చూసుడు వాళ్ళకొచ్చు. ఇద్దరికిద్దరం సరిపోయినం. ఇంగ చాలు. బతికున్నప్పుడే చూడమందాం. సచ్చినోళ్ళకోసం నడిచినట్టే బతికున్నోళ్ళకోసం నడుద్దాం, గదే వరుసల, గదే దుప్పట్లు కప్పుకొని."

"పోయి ఏం జూపిస్తం? కాయితం అడుగుతుండు గద," అన్నారెవరో.

"నాకు చదువు రాదు," అంది మ్మపులె అవ్వ. "నాకొచ్చిన చదువొక్కటే, రాయి కొట్టుడు. గదే జూపిస్త. సుత్తె ఇంట్లనే ఉంది, తలుపుకు అడ్డం పెడుతున్న."

ఖొమొత్సొ మొహం పాలిపోయింది. "వద్దవ్వా. ఆ రాయి మళ్ళీ కొడితే దుమ్ము లేస్తుంది. మీకూ, పిల్లలకూ."

చాలాసేపు వాదన నడిచింది. కొత్తగా చచ్చేదేముందని కొందరు, మనవళ్ళున్నారని కొందరు. ఆఖరికి దిసెబో తేల్చింది. రాళ్ళను తడిగోనెలో చుట్టి తేవాలి. సుత్తె లేపాలి, కొట్టొద్దు. ఈ రెండో ముక్క షెడ్డు దాటి పోవద్దు.

శుక్రవారం పొద్దున, చావుకు కప్పుకునే దుప్పట్లు భుజాన వేసుకుని, తలగుడ్డలు బిగించి, రెండు వందల మంది ఆడవాళ్ళు మైదానంలోకి నడిచారు. మట్టి ఇచ్చేటప్పుడు పాడే పాటే పాడారు. లారీ చుట్టూ మూడు వరుసల్లో కూర్చున్నారు. ముందు వరుసలో పన్నెండు మంది కాళ్ళు బార్లా చాపి, బల్లపరుపు రాళ్ళు ముందు పెట్టుకుని, తడిగోనెలు విప్పారు. నీలం చారలున్న రాళ్ళు ఎండలో మెరిశాయి. ఒనెయిలె రాలేదు. ఇంట్లో పనుందంది.

బెస్టర్ బల్ల దగ్గర నుంచి లేచాడు. "ఏమిటిది?"

"కాయితం అడిగినవ్ గద సారూ," అంది దిసెబో. "ఇగో. చదువుకో."

పన్నెండు సుత్తెలూ, పక్కన కుర్చీలో కూర్చున్న మ్మపులె అవ్వ సుత్తె కూడా, ఒక్కసారి లేచాయి. నలభై ఏళ్ళయినా చేతులు మర్చిపోలేదు. ఎడమచేతి రెండు వేళ్ళతో రాయి పట్టు, కుడి మోచెయ్యి మోకాలికి ఆనించిన తీరు, అందరిదీ ఒకటే. ఏ బడిలోనూ నేర్పని పట్టు అది.

బెస్టర్ వెనక్కి గెంతాడు. కుర్చీ తట్టుకుని పడబోయి, జేబులోంచి గుడ్డ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అతని సహాయకులిద్దరూ లారీలో దూరి అద్దాలు ఎత్తేశారు.

"దించండి. ముందు దించండి. అది విషం."

"ఎవలు చెప్పిండ్రు?"

"అందరికీ తెలుసు. ఒక్క దెబ్బకు వేల పోగులు గాల్లోకి లేస్తాయి. ఇక్కడ పిల్లలున్నారు."

"నాకు ఆరేండ్లున్నప్పుడు గూడ ఈడ పిల్లలుండిరి, సారూ."

దిసెబో చెయ్యి లేపే ఉంచింది. భుజం నొప్పి పుడుతోంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవలేదు. "నువ్వు ముట్టని రాయికే గంత దూరం ఉరికినవ్. దీన్ని నేను ఒళ్ళె పెట్టుకొని పెరిగిన. లోపల మంచం ఖాళీగ ఉంది. ఒక్కొక్కళ్ళం ఎక్కుతం. అందరం అయినంక నీ లారీకి తోవిడుస్తం."

బెస్టర్ ఫోను తీశాడు.

మధ్యాహ్నం మూడింటికి పోలీసు వ్యాన్లు రెండు వచ్చాయి. ముందు వరుసలోని పన్నెండు మందిని చంకలు పట్టి లేపి, ఈడ్చి ఎక్కించారు. మ్మపులె అవ్వను ఇద్దరు కానిస్టేబుళ్ళు కుర్చీతో సహా పక్కకు మోస్తే, "పెండ్లిల గూడ ఇట్ల మొయ్యలె," అంది. ముసలిదని ఆమెకు మాత్రం సంకెళ్ళు వెయ్యలేదు, వ్యానెక్కించలేదు. దాంతో ఆమెకు చాలా కోపమొచ్చింది. దిసెబో తలగుడ్డ ఊడి దుమ్ములో పడింది. ఖొమొత్సొ లారీ మెట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయింది.

పట్నం స్టేషనులో పన్నెండు మందికీ కలిపి ఒకటే గది. కూర్చుంటే కాళ్ళు చాపడానికి లేదు. ఎత్తున అరచేయంత కిటికీ. ఆ గదిలో దిసెబోకు గని గుర్తొచ్చింది, తండ్రి గుర్తొచ్చాడు, అన్నిటికంటే ఎక్కువగా చెల్లెలు గుర్తొచ్చింది. సోమవారం లారీ వెళ్ళిపోతుంది. ఇక దాని నీడ కూడా ఇటు పడదు. తను జైలుకు పోతుంది, ఒనెయిలె ఆ గోడల మధ్య దగ్గు కోసం కనిపెట్టుకుని కూర్చుంటుంది. ఏం సాధించినట్టు? తను నోరు మూసుకుని గంగాళం దగ్గర ఉంటే సరిపోయేదేమో. ఇంత దిగులు ఆమె అక్క చచ్చిన రోజు కూడా పడలేదు.

సార్జెంటు మొరాకె తలుపు ముందు కుర్చీ వేసుకుని ఫిర్యాదు చదవడం మొదలెట్టాడు. ముద్దాయిలకు చదివి వినిపించాలని రూలు. గబగబా, జపం చేస్తున్నట్టు చదివాడు.

"...లెజ్వెంగ్ గనిలో పూర్వం రాయి కొట్టి రాతినార తీసే పని చేసిన సుమారు రెండు వందల మంది స్త్రీలు, ఆ పని అనుభవం వల్ల సదరు రాయి ప్రాణాంతకమని తెలిసి ఉండీ, దానిని పగలగొడతామని ట్రస్టు సిబ్బందిని బెదిరించినారు. పన్నెండు మంది పట్టుబడినారు. మిగిలిన నూట ఎనభై ఎనిమిది మంది పరారీలో ఉన్నారు..."

"ఆగు," అంది దిసెబో.

"ఏంది?"

"మొదటి సాలు మళ్ళ చదువు, కొడుకా."

మొరాకె విసుక్కుంటూ మళ్ళీ చదివాడు. పూర్వం రాయి కొట్టి రాతినార తీసే పని చేసిన స్త్రీలు. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"ఇది ఎవలు రాయించిండ్రు?"

"బెస్టర్ సారు. కంపెనీ తరఫున. కేసు గట్టిగుండాలని తెల్సి జేసిండ్రని రాయించిండు."

"సంతకం బెట్టిండా?"

"సంతకం, ముద్ర, అన్నీ ఉన్నయి."

"దాని కింద నా పేరు రాస్తవా?"

"రాయక? ముద్దాయివి గద."

"మరి దాని నకలు నాకియ్యాలె గద. నీ సీలేసి."

"ఇయ్యాలె," అన్నాడు మొరాకె. ఈమెకు ఇంత హుషారెందుకో అతనికి అంతుబట్టలేదు. "పని ఏమని రాయాలె? ఖాళీ అని రాసుకుంటున్న."

"ఖాళీ గాదు. రాయి కొట్టుడు అని రాయి. లెజ్వెంగ్ గని. ఆరేండ్లకెల్లి పద్దెనిమిదేండ్ల దాక. నా నోటితోని నేను జెప్తున్న, నువ్వు రాస్కో."

అతను రాసుకున్నాడు. ఆమె యాభై ఎనిమిదేళ్ళ బతుకులో ఆమె చేసిన పని ఒక కాగితం మీదికెక్కడం అదే మొదలు. బెస్టర్ అడిగిన సీలు కాగితం ఇదేనని గదిలో మిగతా పదకొండు మందీ అప్పటికే అర్థం చేసుకుని లేచి నిలబడ్డారు. దిసెబో ఒకామె వీపెక్కి, అరచేయంత కిటికీకి నోరు పెట్టి, బయట చెట్టుకింద అన్నం మూటలతో కూర్చున్న మ్మపులె అవ్వను కేకేసింది. ఆ ముసలిదానికి ఏదీ రెండుసార్లు చెప్పక్కర్లేదు.

మర్నాడు శనివారం. లెజ్వెంగ్‌లో ఆరోజు చావు ఉంది. దాన్ని పొద్దున్నే ముగించి, ఆ దుప్పట్లతోనే, ఆ చేతులతోనే ఊరి ఆడవాళ్ళు వ్యాన్లెక్కి పట్నం వచ్చారు. స్టేషను గుమ్మం నుంచి పెట్రోలు బంకు దాకా వరుస కట్టారు. గదిలో నుంచి దిసెబోకు ఏమీ కనిపించలేదు. అన్నీ వినిపించాయి.

"ఏంది ఇది? ఎవలు మీరు?" మొరాకె గొంతు.

"పరారీల ఉన్నోళ్ళం," మ్మపులె అవ్వ గొంతు. "వొచ్చినం. పట్టుకో."

"అవ్వా, ఇంటికి పో."

"పోను. నిన్న సుత్తె లేపిన్నా లేదా? నీ కానిస్టేబులే గద నన్ను మోసింది. నూట ఎనభై ఎనిమిది అని నువ్వే రాసినవ్. లెక్క జూస్కో. రాయి నాయనా, రాయి, ఎండల నిలబెట్టకు."

సార్జెంటు అరిచాడు, బతిమాలాడు, పై ఆఫీసరుకు ఫోను చేశాడు. నేరం చేశామని నడిచొచ్చినవాళ్ళను వెనక్కి పంపే రూలు ఎక్కడా దొరకలేదు. చివరికి బల్ల జరిపిన చప్పుడు, కలం గీసిన చప్పుడు. ఒక్కొక్కరూ చెప్తున్నారు. పేరు. వయసు. చేసిన పని: రాయి కొట్టుడు. చేసిన పని: నార ఏరుడు. చేసిన పని: రాయి కొట్టుడు, పదకొండేండ్లు. సీలు పడ్డప్పుడల్లా గదిలోని పన్నెండు మందీ గోడ మీద ఒక దెబ్బ కొట్టారు.

మధ్యాహ్నం దాటాక, నిలబడి నిలబడి దిసెబో కాళ్ళు లాగేస్తున్నప్పుడు, బల్ల దగ్గర ఒక గొంతు వినిపించింది. ఆమె గోడకు చెవి ఆనించింది.

"నువ్వు నిన్న ఆడ ఉన్నవా?"

"లేను."

"మరి నీ పేరెట్ల రాయాలె?"

"రెండొందల మంది అని రాసిండ్రు గద. ఆడున్నోళ్ళల్ల ఒకామె రాత్రి సచ్చిపోయింది, పొద్దుగాలనే మట్టిచ్చి వచ్చినం. ఆ జాగల నన్ను రాస్కో."

"సుత్తె పట్టినవా?"

"సుత్తె పట్టలె. సంచులు తొక్కిన. నాలుగేండ్లకెల్లి పన్నెండేండ్ల దాక. మా అక్క చంకల బట్టి దింపేది. పేరు ఒనెయిలె. గట్లనే రాయి, సంచులు తొక్కుడు అని."

కలం గీసిన చప్పుడైంది. తర్వాత సీలు పడింది. దిసెబో గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఈసారి ఏడ్చింది, ఎవరు చూసినా సిగ్గుపడలేదు. బయట మొరాకె కాగితాలైపోయాయని కానిస్టేబులును బడికి పంపుతున్నాడు, ఖాళీ కాగితాలు అడిగి తెమ్మని.

ఐదు రోజుల తర్వాత, గురువారం నాడు, జైలు ములాఖాతు జాలీకి అవతల ఒనెయిలె కూర్చుంది. నడిచొచ్చినవాళ్ళను పేర్లు రాసుకుని, నకళ్ళిచ్చి ఆరోజే పంపేశారు; గదిలోని పదకొండు మందికి బెయిలొచ్చింది. రెచ్చగొట్టింది ఈమేనని దిసెబోకు ఇవ్వలేదు.

"బెస్టర్ కాయితం ఇటు తిప్పిండు, అటు తిప్పిండు," అంది ఒనెయిలె. "చెల్లదన్నడు. ఖొమొత్సొ లారీల కెల్లి దిగి, సీలుంది, పేరుంది, పనుంది, ఇంగేం గావాలె సార్ అన్నది. లారీ డాక్టరు గూడ చెల్లుతదన్నడు. సోమవారం లారీ పోలె, నాలుగు రోజులు మిషను ఆపలె."

"నిన్ను చూసిండ్రా?"

"చూసిండ్రు." ఒనెయిలె జాలీ మీద వేలు పెట్టింది. "ఉందక్కా. కుడి దిక్కు, కింద. బొబ్బరగింజంత. ఇంకా ఎటూ పాకలేదట. సోమవారం కోసి తీస్తరట. నాకు భయం పుట్టింది, అబద్ధమెందుకు. కానీ డాక్టరు చెప్తుంటె బొనొలో అక్కే మతికొచ్చింది. దానికి ఈ మాట చెప్పినోడు లేకపాయె."

దిసెబో జాలీలోంచి వేలు చాపి చెల్లెలి వేలును తాకింది.

"మరి నీ ఛాతి?" అడిగింది ఒనెయిలె.

"ఈడ జూడరంట. జైల్ల ఉన్నోళ్ళు ట్రస్టు కిందికి రారట."

"రారా? సరే." ఒనెయిలె తలూపింది, అంగడిలో బేరం తెగినట్టు. "లారీ నిన్న పక్కనున్న దిథోటా ఊరికి పోయింది. ఆడ గూడ ఆడోళ్ళకు నంబర్లు లేవట. మూడొందల మంది. బెస్టర్‌కు బుద్ధొచ్చింది, ఈపారి ఫిర్యాదు ఇయ్యడు. ఇంకేదన్న తోవ దీయాలె. మ్మపులె అవ్వ, నేను, ఫెటో భార్య పోతున్నం. ఆడ అయినంక లారీ ఈ గేటు ముందల్నే ఆగుతది."

"వాళ్ళు తెస్తరా?"

"వాళ్ళెందుకు తెస్తరు? మేం తెస్తం."

"నీకు సోమవారం ఆపరేషను గదనే."

"ఇయ్యాల గురువారమే," అంది ఒనెయిలె. వార్డరు టైమయిందని కర్రతో తలుపు తట్టాడు. ఆమె తలగుడ్డ బిగించుకుని లేచి, గేటు బయట ఆగి ఉన్న వ్యానులో ఎక్కింది. అందులో అప్పటికే పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు.